పొయ్యి వెలగని వంట

నానిన వేరుశనగలను మిక్సీలో తిప్పుతూ పెద్దగరిటె మూతి మూడు వంకరలు తిప్పాడు. ముప్పై ఏళ్లు కార్ఖానా క్యాంటీనులో నాలుగువందల మందికి వండి ఆ పేరు తెచ్చుకున్న మనిషి. అగ్గిపుల్ల గీయనిది పిల్లల బువ్వాలాటే తప్ప వంట కాదని ఆయనగారి తీర్పు.

కానీ పొయ్యి వెలిగిస్తే పక్కగదిలో భార్యకు వాంతి. క్యాన్సరు మందులు పడ్డప్పటినుంచి పాలు కాగిన వాసన తగిలినా కడుపులో ఏదీ నిలవడం లేదు. ఈ రోజైనా మాంసకృత్తులు లోపలికి పోకపోతే సాయంత్రం ఆసుపత్రిలో చేర్చి ముక్కులో గొట్టం వేస్తామని డాక్టరమ్మ చెప్పేసింది. ఇల్లు కదలనని భార్య. అందుకని మరదలు పొద్దున్నే సోయా పనీరు, నానిన వేరుశనగలు, కోకో పొడి తెచ్చి, ఖర్జూరాలు నీళ్లలో వేసి, అన్నీ కలిపి మెత్తగా రుబ్బి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టమని రెండుసార్లు అప్పజెప్పింది. పలుచగా ఉంటే అక్కకు పొలమారుతుంది, గడ్డకట్టాలి.

“ఒక్క కప్పు చాలు బావా. కార్ఖానాకి కాదు.”

ఒక కప్పు కొలత ఆయనకు తెలిస్తేగా! ఇంట్లో ఏనాడూ గరిటె పట్టిన పాపాన పోలేదు. ఆరు కప్పులు తేలాయి. వండింది నాలుక మీద పెట్టుకుని ఎరగడు. ఆవిరి మొహానికి తగిలితే చాలు, ఉప్పు ఎంతో చెప్పేసేవాడు. రుచి చూసేవాడు వంటవాడు కాదు, తిండిపోతని కిందివాళ్లను ఈసడించేవాడు. చల్లటి ముద్దకు ఆవిరెక్కడిది? ముక్కు పలకలేదు, నాలుక చాచడానికి అభిమానం ఒప్పుకోలేదు. ఖర్జూరాలు నీళ్లలోనే ఉండిపోయాయి.

మధ్యాహ్నం భార్య చెంచాడు నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు.

“చేదుగా ఉందండీ.”

నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ ఆయనకు వంక పెట్టడం అదే మొదలు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పచ్చిముద్దల యవ్వారమే అంతని గది దద్దరిల్లేలా దులిపేశాడు. ఆవిడ అంతా విని ఒక్కమాట అడిగింది.

“మీరు నోట్లో వేసుకుని చూశారా?”

వంటింట్లోకి వెళ్లి, దొంగతనానికి వచ్చినవాడిలా తలుపు దగ్గరగా వేసి, చిటికెనవేలితో తీసి నాకాడు. చేదే. అప్పుడు కనబడింది ఖర్జూరాల గిన్నె. ఒక్కొక్క పండూ వేసి రుబ్బుతూ, వేసినప్పుడల్లా నాలుక మీద పెట్టుకుని చూశాడు. తీపి కుదిరేసరికి రెండు దాటింది. ఈసారి ఒక్క కప్పే నింపాడు.

మంటైతే ఎగదోసేవాడు. చలిని ఎగదోయడం ముప్పై ఏళ్లలో ఎక్కడ నేర్చాడు? అయిదు నిమిషాలకోసారి ఫ్రిజ్ తలుపు తీసి, ఉన్న చలి కాస్తా బయటికి పంపాడు. అంత తెలివి.

“మాటిమాటికీ మూత తీసి చూడ్డానికి అది పొయ్యిమీది గుండిగా బావా?” అంది మరదలు.

అయిదింటికి ఆసుపత్రి బండి వచ్చింది. కప్పు వంచితే ఇంకా జారుతూనే ఉంది. మెట్ల దగ్గర భార్య ఆయన చెయ్యి పట్టుకుని ఆగింది.

“ఉంచండి. వచ్చాక తింటాను.”

మూడో రోజు మధ్యాహ్నం, ముక్కులో గొట్టంతోనే ఆవిడ పోయింది.

అన్నీ ముగిశాక ఆయన ఫ్రిజ్ తెరిచాడు. పై అరలో కప్పు ఉంది. రాయిలా గడ్డకట్టి, నల్లగా, నున్నగా, ఒక్క చెంచా గాటైనా లేకుండా.