తడి చేతులకు పట్టు

తెర్హి ఎడమ మణికట్టు విరిగి పదహారు నెలలైంది. ఎముక ఎప్పుడో అతుక్కుంది. భయం మాత్రం పోలేదు. తలుపు తోసినా కుడిచేత్తోనే, కుర్చీలోంచి లేచినా కుడిచెయ్యి ఆనించే. ఎడమచెయ్యి పక్కింటి నుంచి తెచ్చుకున్న గాజు సామానైనట్టు జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుని తిరిగేది.

అంతకుముందు ఇరవై తొమ్మిదేళ్ళు ఆమె హెల్సింకీలో కల్లియో కొండ మీద ఉత్తరాలు బట్వాడా చేసింది. ఏ మెట్ల మీద ఏ కుక్క అరుస్తుందో, ఏ ముసలాయన తలుపు వెనక చెప్పుల చప్పుడు కోసం కాచుకుని కూర్చుంటాడో ఆమెకి కంఠతా వచ్చు. అలాంటి మనిషి కిందటేడు జనవరిలో, తను వేలసార్లు ఎక్కిన గుమ్మం ముందే మంచు మీద జారి చేతిమీద పడింది. అప్పట్నుంచి లోపల సార్టింగు హాల్లో కూర్చోబెట్టారు. కిటికీల్లేని హాలు. అక్కడ ఉత్తరాలకి నంబర్లుంటాయి గానీ మనుషులుండరు. ఆ మాట ఎవరికైనా చెబితే వింతగా చూస్తారని తెర్హి చెప్పడం మానేసింది.

మే నెలలో ఆఫీసు ఫిజియోథెరపిస్టు ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి తేల్చి చెప్పింది.

"చెయ్యి బాగానే ఉంది తెర్హి గారూ. నమ్మకం లేనిది మీకే. ఆగస్టు ఆఖరికి బోర్లా, కాలివేళ్ళు నేలకానించి రెండు చేతుల మీదా ఒళ్ళంతా మోపి ఒక్క నిమిషం ఆగి చూపించండి. ఆగితే సెప్టెంబరు నుంచి మీరు ఉత్తరాలు పంచే బీటు మళ్ళీ మీకే. ఆగలేకపోతే దాన్ని ఇంకొకరికి రాసిచ్చేస్తారు. మీరిక లోపలే."

ఒక్క నిమిషం. వినడానికి ఎంత. తెర్హి ఆ రాత్రే వంటగదిలో ప్రయత్నించింది. ఐదు సెకన్లకే ఎడమచెయ్యి లాక్కుని నేలమీద బోర్లా పడుకుండిపోయింది.

చెయ్యి వెచ్చగా ఉంటే నొప్పి తగ్గుతుందని ఎవరో చెబితే వేడిగదిలో చేసే కసరత్తు క్లాసులో చేరింది. నిజంగానే ఆ వేడికి మణికట్టు మెత్తబడింది. కానీ పావుగంటకే చెమట కారి, అక్కడిచ్చిన పల్చటి మ్యాట్ మీద అరచేతులు సబ్బు రాసినట్టు జారిపోయేవి. జారితే పడతాను, పడితే విరుగుతుంది. ఆమె బుర్రలో వేరే ఆలోచన ఉండేది కాదు.

శనివారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా బిల్డింగులోని ఆవిరిగది, సౌనా, వాడుకోవడం వాళ్ళ వంతు. వాళ్ళంటే తెర్హి, ఆమె వదిన రైలి. మొగుడు పోయి ఆరేళ్ళయినా మొగుడి అక్క మాత్రం పోలేదు, డెబ్భై రెండేళ్ళు వచ్చినా నోరూ తగ్గలేదు. పై మెట్టు మీద కూర్చుని, వేడిరాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోసి అడిగింది.

"ఇంతకీ ఆ గదిలో ఎంత వేడి?"

"ముప్ఫైఎనిమిది."

"ముప్ఫైఎనిమిదా! ఆ వేడికి ఈగ కూడా చావదే. దానికి డబ్బులు తీసుకుంటున్నారా? పైగా వేడిలో కూర్చోవాలి గానీ గెంతడమేమిటి, మతిపోయిందా?"

"గెంతడం కాదు వదినా. చేతులమీద ఆగడం. చేతులు జారిపోతున్నాయి. మంచి మ్యాట్ కొనాలి."

"కొనుక్కో. కొనుక్కుని ఆ దిక్కుమాలిన హాల్లోంచి బయటపడు. నిన్ను చూస్తుంటే నాకే ఊపిరాడటంలేదు" అని రైలి మరో గరిటెడు పోసింది.

సోమవారం తెర్హి మ్యాట్లమ్మే కొట్టుకి వెళ్ళింది. ఓస్మో అనే బట్టతలాయన నడుపుతాడు. మనిషి మహా నిదానం. మూడు మ్యాట్లు నేలమీద పరిచి, మొక్కలకి నీళ్ళు చల్లే సీసా చేతికిచ్చాడు.

"చెమట పడుతుందన్నారుగా. తడిపి చూడండి. పొడి చేత్తో చూస్తే అన్నీ మంచివే."

మొదటిది నున్నటి ప్లాస్టిక్కుది, మందంగా ఉంది, రంగు బాగుంది. నీళ్ళు చల్లి చెయ్యి పెట్టగానే సర్రున పోయింది. రెండోది బెరడుతో చేసింది. తడిసేకొద్దీ పట్టు పెరిగింది గానీ పొడిగా ఉన్నప్పుడు నమ్మడానికి లేదు. చెమట పట్టేదాకా భయపడుతూ కూర్చోవాలా అనుకుంది తెర్హి. మూడోది నల్లటి రబ్బరు, కంటికి కనపడనన్ని సన్నటి రంధ్రాలున్నది. పోసిన నీళ్ళు పోసినట్టే తాగేసింది. చెయ్యి పెట్టి తోసింది. కదల్లేదు. ఎడమచెయ్యి కూడా పెట్టింది. పదహారు నెలల్లో మొదటిసారి ఆ చెయ్యి తనంతట తను ముందుకొచ్చింది.

"ఇది" అంది.

ఎనభై యూరోలనేసరికి గుటకలు మింగింది గానీ ఇచ్చేసింది. ఓస్మో చుట్ట చుట్టిస్తూ చెప్పాడు.

"ఒక్కటి గుర్తుంచుకోండి. ఇది నీళ్ళు తాగినట్టే ఏదైనా తాగేస్తుంది. తడిగుడ్డతో తుడవండి, అంతే. నానబెట్టొద్దు, సబ్బు తగలనివ్వొద్దు."

"అలాగే అలాగే" అంది తెర్హి. చెవిన పడింది గానీ తలకెక్కలేదు.

జూన్ అంతా బాగా సాగింది. జూలైలో ఇరవై సెకన్లు, ఆ తర్వాత ముప్ఫైఐదు. క్లాసు చెప్పే సెన్యా అనే అమ్మాయి లెక్కపెడుతుంటే తెర్హి పళ్ళు బిగించి ఆగేది. ఆగస్టు మొదటి వారంలో యాభై దాటింది. ఆ రోజు ఇంటికెళుతూ దారి మార్చుకుని మరీ తన పాత బీటు మీదుగా నడిచింది. మూడో అంతస్తు కిటికీలోంచి ముసలాయన చెయ్యూపాడు. తెర్హి ఎడమచేత్తో తిరిగి ఊపింది.

ఆగస్టులో జంపఖానాలు ఉతుక్కునే పని పడింది. సముద్రం ఒడ్డున ఉతికే చోటికి వదినా మరదళ్ళు ఏటా కలిసే వెళతారు. ఇంట్లో నేలమీద పరిచే పేలికల జంపఖానాలన్నీ తోపుడుబండిలో వేసుకుని, దేవదారు జిగురుతో చేసే పైన్ సబ్బు డబ్బా, బ్రష్షులు, ఫ్లాస్కునిండా కాఫీ పట్టుకుని. చెక్కబల్లల మీద పరిచి తోమడం, తొట్టిలో జాడించడం, రోలర్ల మధ్య పెట్టి పిండడం, కమ్మీల మీద ఆరేయడం. మధ్యలో ఊళ్ళోవాళ్ళ సంగతులన్నీ కూడా బాగా తోమడం.

"నేను నేసిన నీలం జంపఖానా ఏదీ?" అని అడిగింది రైలి, బండి అంతా తిరగేసి.

"అది ఇంకా మాయలేదు వదినా."

రైలి ఒక చూపు చూసి బ్రష్షు అందుకుంది. ఆ నీలం తెర్హి పోస్టు చొక్కాలది. మార్చిలో, ఇక బయటికి వెళ్ళేది లేదనుకున్న రోజున, తెర్హి చొక్కాలన్నీ మూటకట్టి వదినకి ఇచ్చేసింది. రైలి వాటిని పేలికలుగా చింపి మగ్గం మీద నేసి తెచ్చింది. తెర్హి దాన్ని విప్పనుకూడా విప్పకుండా బీరువా వెనక నిలబెట్టింది.

బండి అడుగున నల్ల మ్యాట్ కూడా ఉంది. పది వారాల చెమట తాగి కంపు కొడుతోంది. రైలి ముక్కు మూసుకుంది.

"దీన్నెప్పుడైనా కడిగావా తల్లీ?"

"తడిగుడ్డతో తుడుస్తున్నా. సబ్బు వద్దన్నాడు కొట్టాయన."

"సబ్బు వద్దన్నాడు సరే. ఇది పైన్ సబ్బు! దీంతో మా అమ్మ గోడలు కడిగింది, పడవ కడిగింది, ఇల్లంతా కడిగింది, మిగిల్తే నా తలా కడిగింది. దీనివల్ల పాడైన వస్తువు ఈ దేశంలో ఉందా?"

తెర్హికీ అదే అనిపించింది మరి. ఆ మట్టిరంగు జిగురు వాసన పీల్చుకుంటూ పెరిగినవాళ్ళకి అది సబ్బనే తోచదు, నీళ్ళలాగా అదీ ఉండాల్సిందే. చెరోవైపు కూర్చుని మ్యాట్‌ని శుభ్రంగా తోమారు. తొట్టిలో నానేశారు. రోలర్ల మధ్య రెండుసార్లు తిప్పారు. కమ్మీ మీద రెండ్రోజులు ఆరేశారు. అడవిలాగా ఘుమఘుమలాడుతూ వచ్చింది ఇంటికి.

తర్వాతి క్లాసులో పావుగంట గడిచింది. చెమట పట్టింది. తెర్హి చేతుల మీద ఒళ్ళు మోపింది. అరచేతుల కింద ఏదో మెత్తగా పొంగింది. చూస్తే తెల్లటి నురగ! మ్యాట్ తాగిన పైన్ సబ్బంతా చెమట తగిలి పైకొస్తోంది. "అయ్యో" అనేలోపే రెండు చేతులూ ముందుకి జారాయి, గడ్డం నేలకి తగిలింది, ఎడమ మణికట్టు ఒంటికింద నలిగింది.

విరగలేదు. సెన్యా పరిగెత్తుకొచ్చి పట్టుకుని చూసింది, వాపు కూడా లేదు. కానీ తెర్హి మళ్ళీ మ్యాట్ ఎక్కలేదు. క్లాసు మధ్యలోనే బట్టలు మార్చుకుని వచ్చేసింది. ఇంట్లో మ్యాట్‌ని ఎన్నిసార్లు జాడించినా నురగ వస్తూనే ఉంది. ఓస్మోకి ఫోన్ చేస్తే ఆయన తన నిదానంలోనే "పైన్ సబ్బా?" అన్నాడు. "మీరే మొదటివారు కాదులెండి."

పరీక్షకి పది రోజులుంది. రెండు క్లాసులు ఎగ్గొట్టింది. ఎడమచెయ్యి మళ్ళీ ఒళ్ళోకి చేరింది.

శనివారం సౌనాకి రాకపోయేసరికి రైలే తలుపు తట్టింది. తడి జుట్టు, భుజాన తువ్వాలు. విషయమంతా విని కుర్చీలో కూలబడింది.

"పాపం నాది. కొట్టాయన చెబుతూనే ఉన్నాడు, నేనే వాగాను. ఇంకోటి కొనిస్తాను పద."

"వద్దు వదినా. ఇక నా వల్ల కాదు. లోపలే ఉంటాను."

"ఏం మాటలే అవి? నీలం జంపఖానా కూడా అందుకే దాచేశావా?"

తెర్హికి ఒళ్ళు మండింది. "పరవమంటావా? ఇరవై తొమ్మిదేళ్ళు తొడుక్కున్న బట్టలు అవి. వాటిమీద రోజూ నడవమంటావా? నేను చచ్చిపోయానా?" అంటూ బావురుమంది. తన తమ్ముడి చావులో కూడా ఆమె ఏడవడం రైలి చూడలేదు.

రైలి భుజాన ఉన్న తువ్వాలు తీసి ఆమె చేతిలో పెట్టింది.

"చొక్కాలు నేనడగలేదే. నువ్వే తెచ్చి పడేశావు. వద్దంటే చెత్తలో వేసేస్తావని భయమేసింది. చెత్తలో పడితే పోయినట్టే. జంపఖానాలో ఉంటే ఇంట్లోనైనా ఉంటాయనుకున్నా. అంతకంటే నాకు తోచలేదు."

లేచి బీరువా వెనక నుంచి చుట్ట లాగి గదిలో పరిచింది. నీలం చారలు, మధ్యలో అక్కడక్కడ వెండిలా మెరిసే పోగు. చీకట్లో బండ్లవాళ్ళకి కనపడటానికి చొక్కా చేతుల మీద కుట్టే పట్టీలవి. వాటినీ వదల్లేదు రైలి. పేకలో కలిపి నేసేసింది. తెర్హి కళ్ళు తుడుచుకుని వంగి చూసింది.

"సౌనాలోంచి తడికాళ్ళతో వచ్చి దేనిమీద అడుగేస్తాం?" అంది రైలి హఠాత్తుగా.

"జంపఖానా మీద."

"ఎప్పుడైనా జారావా?"

తెర్హి తలెత్తింది. రైలి అప్పటికే గుమ్మం దగ్గరి జంపఖానా కింద జారకుండా వేసిన రబ్బరు వల లాగి తెచ్చి దీనికింద పరిచింది, చెంబుతో నీళ్ళు చిలకరించింది. డెబ్భై రెండేళ్ళ మనిషి మోకాళ్ళ మీద కూర్చుని తడి నూలు మీద చేతులు ఆనించి బలంకొద్దీ తోసింది.

"కదిలితే నా మగ్గం తగలబెడతా. రా, నువ్వు తొయ్యి."

కదల్లేదు. తడిసినకొద్దీ నూలు అరచేతిని పట్టుకుంది.

ఆ జంపఖానా చంకన పెట్టుకెళితే క్లాసులో అందరూ వింతగా చూశారు. సెన్యా వచ్చి చెయ్యి పెట్టి చూసి, "ఇదెక్కడ దొరుకుతుంది?" అని అడిగింది. "దొరకదు" అంది తెర్హి. మొదటిరోజు పన్నెండు సెకన్లు. ఆ తర్వాత ముప్ఫై. ఆఖరి క్లాసులో యాభైరెండు. నిమిషం ఒక్కసారీ రాలేదు.

పరీక్షరోజు ఫిజియోథెరపిస్టు గదిలో చల్లగా ఉంది. "ఇక్కడ మ్యాట్ ఉందండీ" అంది ఆవిడ, చంకలోని చుట్టని చూసి.

"నాది నాకుంది. కాస్త కుళాయి ఎక్కడ?"

తడిపింది, పరిచింది, ఆనింది. ఆవిడ గడియారం నొక్కింది. ఇరవై దగ్గర ఫర్వాలేదు. నలభైకి వేళ్ళు ఇంకాస్త విడదీసి నూలుని అదిమిపట్టింది. యాభైకి పాత భయం మళ్ళీ లేచింది, పడతావు, ఇదుగో పడతావు అంది. తెర్హి తల దించింది. ఎడమ అరచేతి కింద వెండి పోగు మెరుస్తోంది. ఎన్ని చలికాలాలు ఆ పట్టీ వేసుకుని చీకట్లో ఆ కొండ ఎక్కింది! ఒక్కసారి పడ్డం తప్ప, పడకుండా ఎన్ని వేలసార్లు ఎక్కింది! ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ లెక్కపెట్టలేదు, తను కూడా.

"చాలండీ, చాలు! నిమిషం ఎప్పుడో అయిపోయింది" అంటోంది ఆవిడ.

బయట రైలి బల్లమీద ఫ్లాస్కు, దాల్చినచెక్క బన్నులు పెట్టుకుని కూర్చుంది. మరదలి మొహం చూడగానే తెలిసిపోయింది గానీ బెట్టు చేసింది.

"ఎంతసేపు?"

"నిమిషం మీద పద్నాలుగు."

"హమ్మయ్య. కొత్త చొక్కాలిస్తారా?"

"సోమవారం ఇస్తారు."

"అయితే ఈసారి చిరిగేదాకా తొడుక్కో. ముందే మూటకట్టి తెచ్చావంటే మగ్గానికి నిన్ను కట్టేస్తా." అని బన్ను చేతిలో పెట్టింది. ఇద్దరికీ కళ్ళు చెమర్చాయి. కాఫీ పొగవల్ల అంది రైలి.

మంగళవారం పొద్దున తెర్హి కొత్త చొక్కా తొడుక్కుని గుమ్మం దగ్గర పరిచిన నీలం జంపఖానా మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంది. రెండు చేతులూ నేలకానించి లేచింది. వీధిలోకి వచ్చాక గానీ ఆ సంగతి ఆమెకి తట్టలేదు.