పదెకరాల తీతువులు

గిల్బర్ట్ కీర్ల్ మాట తప్పిన మనిషి. ఈ ముక్క మెర్విన్ హెంబ్రో పబ్బులో చెప్పాడు, పశువుల సంతలో చెప్పాడు, చర్చి గేటు దగ్గర గిల్బర్ట్ పెళ్ళాం వింటుండగా మరీ గట్టిగా చెప్పాడు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి మార్చి నెలాఖరుకీ ఇద్దరూ గేటు దగ్గర చెయ్యీ చెయ్యీ కలిపేవారు. అదే కౌలు కాగితం. అంతకుముందు వాళ్ళ నాన్నలూ అలాగే కలిపారు. ఇంగ్లండులో సోమర్సెట్ పల్లంలో, నాలుగు వైపులా కాలవలున్న గిల్బర్ట్ గడ్డి మడిని ఊళ్ళో పదెకరాలు అంటారు. దాని గడ్డే చలికాలమంతా మెర్విన్ పశువులకు మేత. అది పోతే కొట్టం ఖాళీ చేసుకోవలసిందే.

ఈ ఏడు చెయ్యి కలిపి మూడు వారాలైనా కాలేదు, గిల్బర్ట్ జీపు మడి గేటు దగ్గర ఆగింది.

"ఏరా మెర్విన్, నేలంతా గిట్టల గుంటలే. నెలాఖరులోగా రోలర్ తిప్పించు."

"తీతువులు గుడ్లు పెట్టాయి. గూళ్ళున్న చోటు తప్పించి మిగతాది తిప్పుతా."

"తప్పించేదేం లేదు. మొత్తం తిప్పాలి. నేను కౌలిచ్చింది నీకా, పిట్టలకా?"

"మా నాన్న కాలం నుంచీ తప్పిస్తూనే ఉన్నాంగా."

"మీ నాన్న కాలం ఎప్పుడో పోయింది. అయినా దాని అరుపే అశుభంరా. ఆ పిట్ట అరిచిన కొంప మునుగుతుందనేది మా అమ్మమ్మ."

"నీ కొంప మీద నలభై ఏళ్ళుగా అరుస్తున్నాయి. ఏం మునిగింది? బద్ధకం పిట్టలు."

గిల్బర్ట్‌కి నవ్వు రాలేదు. "నువ్వు తిప్పకపోతే కూలికి రోలర్ తోలే డగ్గీని పంపిస్తా. వాడికి అడ్డం వస్తే మడి ఇంకొకడికి పోతుంది. చెప్పలేదనొద్దు" అని జీపు తిప్పుకుని పోయాడు.

మెర్విన్‌కి పిట్టలంటే ప్రేమ అనుకుంటే పొరపాటే. పెరట్లో బఠానీ మొలకలు తినే పిచ్చుకలను రోజూ బూతులు తిడతాడు. అడవి పావురాలను కాల్చి తెస్తే అతని భార్య హెస్టర్ వాటి మాంసం పిండిలో పెట్టి కాల్చి వండుతుంది. కానీ అతని చిన్నతనంలో ఈ పల్లమంతా తీతువులే. నెత్తిన కుచ్చు నిక్కబొడుచుకుని, గాలిలో పల్టీలు కొడుతూ, మనిషి కనిపిస్తే చాలు మీదికొచ్చేవి. తర్వాత పంపులు పెట్టి కాలవల నీళ్ళు దించేశారు. మళ్ళన్నీ బల్లపరుపుగా తొక్కించారు. ఒక్కో మడే ఖాళీ అయింది. ఆ పంపులు కావాలని చెయ్యెత్తిన వాళ్ళలో గిల్బర్ట్ ముందున్నాడు. చివరికి తీతువులకు మిగిలింది పదెకరాలొక్కటే. ఊరంతా ఊఁ అన్నచోట ఈ ఒక్క మడైనా ఊహూఁ అనాలని మెర్విన్ పట్టు.

ఆ సాయంత్రమే తండ్రి నేర్పిన పద్ధతిలో గూళ్ళు వెతికాడు. తీతువు గూడంటే గూడు కాదు, గిట్ట గుంటలో నాలుగు పుల్లలు, మట్టిరంగు గుడ్లు. ఒక్కో దాని పక్కన ఒక్కో ఎండు విల్లో కర్ర పాతాడు. రోలర్ తోలేవాడు కర్ర చూసి పక్కకి తిప్పుకుంటాడు. ఎప్పుడూ జరిగేదే.

రోలర్ అడిగి తెచ్చుకుని మళ్ళీ వెళ్ళేసరికి మడిలో ఒక కాకి నడుస్తోంది. ఎగరడం లేదు, ఊరి పెద్దలా నడుస్తోంది. ఒక కర్ర దగ్గర ఆగింది, వంగింది, ముక్కు తుడుచుకుంది. అక్కడినుంచి నేరుగా ఇంకో కర్ర దగ్గరికి నడిచింది. మెర్విన్ అరుస్తూ పరిగెత్తాడు. అప్పటికే చాలా కర్రల దగ్గర పెంకులే మిగిలాయి. తల్లిపిట్టలు నెత్తిమీద తిరుగుతూ కాకిని వదిలేసి అతన్నే తిట్టాయి.

వంటింట్లో హెస్టర్ రుబార్బ్ కాడలు కోస్తోంది. అంతా విని, "విందుకు పిలిచి, బల్ల ఎక్కడుందో కూడా చూపించావన్నమాట" అంది.

"నవ్వుకో."

"నవ్వడం లేదయ్యా. ఆ కర్రలు పీకెయ్."

"పీకితే మిగిలినవి డగ్గీ రోలర్ కింద పోతాయి."

"ఉంచితే కాకికి, పీకితే డగ్గీకి." హెస్టర్ కత్తి కింద పెట్టింది. "అయితే ఇద్దరికీ అర్థం కాకుండా చెయ్. మడి నిండా పాతు."

 మెర్విన్ గొడ్డలి కోసం వెళ్ళాడు.

తమ గట్టు మీది విల్లోలన్నీ నరికి ట్రాలీకెత్తారు. పచ్చి కొమ్మలు. "చిగురిస్తాయి, తెలుసుగా" అంది హెస్టర్. "తెలుసు" అన్నాడు. ఆ పల్లంలో చంటిపిల్లకైనా తెలుసు, తడినేలలో గుచ్చిన విల్లో చావదని. ఇద్దరూ నడుములు విరిగేలా పాతారు. గూళ్ళున్న చోటా, లేని చోటా, కాలవ గట్టు దాకా. కాకి వచ్చింది. ఒక కర్ర చూసింది, రెండోది చూసింది, మూడోదాని దగ్గర మట్టి పొడిచి, అవమానపడ్డదానిలా లేచిపోయింది. గుడ్లు పోయిన తీతువులు మళ్ళీ గుంటలు తవ్వుకుని మళ్ళీ పెట్టాయి.

నెలాఖరుకి డగ్గీ రోలర్ తోలుకొచ్చి గేటు దగ్గర ఇంజను ఆపాడు.

"ఏంటన్నా ఇది? మడికి వెంట్రుకలు మొలిచినట్టున్నాయి."

"గూళ్ళకు గుర్తులు."

"ఇన్ని గూళ్ళా?"

"కొన్నిటి దగ్గర ఉన్నాయి, కొన్నిటి దగ్గర లేవు."

"ఏవి ఉన్నవో చెప్పన్నా, తప్పించి పోతా."

"మర్చిపోయా."

డగ్గీ మెర్విన్‌ని చూశాడు, కర్రలను చూశాడు, ఫ్లాస్కు తీసి టీ పోసుకున్నాడు. "తెలిసి గూడు తొక్కితే కేసు నా మీద పడుద్ది, గిల్బర్ట్ మీద కాదు."

"అదే నేనూ అనుకున్నా."

"పోయినేడు నా డబ్బులు కూడా క్రిస్మస్ దాకా తిప్పాడులే" అని డగ్గీ టీ తాగేసి, వచ్చిన దారినే పోయాడు.

మే చివరికి కర్రలన్నీ ఆకు తొడిగాయి. వాటి మధ్య తీతువు పిల్లలు, దూది ఉండలకు కాళ్ళు పెట్టినట్టు పరిగెడుతున్నాయి. గిల్బర్ట్ కుక్కను వెంటేసుకుని వచ్చాడు. గేటు దాటాడో లేదో ఒక తీతువు నెత్తి మీదికి దూకింది. టోపీ కాలవ గట్టున పడింది. కుక్క తోక ముడుచుకుని జీపు కిందికి దూరింది.

"నా గడ్డి మడిని విల్లో తోట చేశావురా" అన్నాడు గిల్బర్ట్, టోపీ దులుపుకుంటూ. "అయినా ఆఖరిసారి చెబుతున్నా. ఆదివారంలోగా పీకి రోలర్ తిప్పు, పాత మాటే మాట." చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి అందుకుంటే మేత ఉంటుంది, పశువులుంటాయి. మెర్విన్ ఆ చేతిని చూశాడు. తన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"అయితే మడి ఖాళీ చెయ్. పీకడం నాకు రాదనుకున్నావా?"

"వేళ్ళు పట్టినవాటిని ఒక్కోటీ చేత్తో పీకాలి. ఈ కోతల కాలంలో నీకు మనుషులెవరొస్తారు గిల్బర్ట్? వాళ్ళు వచ్చేసరికి పిల్లలు ఎగిరిపోతాయి."

గిల్బర్ట్ మెడ ఎర్రబడింది. జీపు కిందనుంచి కుక్కను లాక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మెర్విన్, హెస్టర్ ట్రాక్టర్ వేసుకొచ్చి గేటును కీళ్ళనుంచి ఎత్తి ట్రాలీలో పడుకోబెట్టారు. గిల్బర్ట్ జీపులోంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఆ గేటు నాది."

"స్తంభాలు నీవి. గేటు మా నాన్న చేశాడు. కావాలంటే వెళ్ళి ఆయన్నే అడుగు, చర్చి వెనకాలే ఉన్నాడు" అంది హెస్టర్ మడ్‌గార్డు మీద కూర్చుంటూ.

మెర్విన్ వెనక్కి చూడలేదు. చూడాల్సిన పని లేదు, తీతువులు గిల్బర్ట్‌ని ఏం చేస్తున్నాయో వినపడుతూనే ఉంది.

శరదృతువులో పశువులను సంతకు తోలాడు. అడిగినవాళ్ళకి అడిగినట్టే, చేసింది మళ్ళీ చేస్తానని చెప్పాడు. ఊళ్ళో ఇప్పటికీ పదెకరాలు పోగొట్టుకున్నాడనే అంటారు. అది తప్పు. పటంలో ఉన్న లెక్క ప్రకారం మెర్విన్ హెంబ్రో పోగొట్టుకున్నది తొమ్మిదెకరాల ఎనభై రెండు సెంట్లు.