ముక్కుల పరీక్ష

జిగురు ఫ్యాక్టరీ పొగగొట్టం మూయించేదాకా ఊరుకోనని అత్తగారు భర్త పోయిన రోజే ఒట్టు పెట్టుకుంది. ఫ్యాక్టరీ గోడను ఆనుకున్న వరసలోనే ఆమె ఇల్లు. ఆయన ఊపిరాడక మంచం పట్టి పోయాడు. వీధివాళ్ళూ, కాలేజీ లెక్చరరమ్మా కలిసి ఆ పొగ మీద పరిశోధన మొదలుపెడితే అందరికంటే ముందు పేరిచ్చింది.

పని సులువే. పొగ వాసన ఎప్పుడు వచ్చిందో, ఎంత ఘాటుగా ఉందో రోజూ చెప్పాలి. అయితే ముందుగా సీసాలు వాసన చూపించి, ఎవరి ముక్కు పనిచేస్తుందో తేలుస్తారు. ఆ పరీక్ష చూడ్డానికి ఫ్యాక్టరీ మేనేజరు కూడా వచ్చి కూర్చున్నాడు. అతన్ని చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది. రెండో సీసా ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఛీ, పాడు కంపు! మా ఆయన్ని పొట్టన పెట్టుకుంది ఇదే!"

సీసాలో ఉన్నవి మంచినీళ్ళు.

"వీళ్ళకి మంచినీళ్ళు కూడా కంపేనండీ!" అని మేనేజరు పకపకా నవ్వాడు. లెక్చరరమ్మ ఆమె పేరు కొట్టేసి, పక్కకెళ్ళి కూర్చోమంది.

ఇంటికి రాగానే, పరీక్షకు వెంట వచ్చిన కోడలు తలుపు వేసింది.

"అత్తయ్యా, నిజం చెప్పండి. మొదటి సీసాలో కిరోసిన్. అదైనా తెలిసిందా?"

అత్తగారు వంటింట్లోకి నడవబోయింది.

"పక్కనే కూర్చుని పాలు మాడబెడతారు, మళ్ళీ నన్నే తిడతారు. ఎన్నాళ్ళ నుంచి?"

"మీ మామయ్య మంచాన పడకముందు నుంచే. ముక్కు లేని అత్తని ఏ కోడలు లెక్కచేస్తుందే?"

"ఇప్పుడేదో చేస్తున్నట్టు!" అని నవ్విన కోడలు, అంతలోనే ఆగింది. "మీ ఒక్కరికేనా? గోడ పక్క అందరికీ ఇంతేనా?"

మర్నాడు ఆ మాటే లెక్చరరమ్మ చెవిన వేసింది. పరిశోధన దారి మళ్ళింది. గోడ వరసలోనూ, పొగ చేరని అవతలి పేటలోనూ ఒకే వయసువాళ్ళకు అవే సీసాలు పట్టారు. నామోషీతో తలుపు తీయని ఇళ్ళకు అత్తగారే వెళ్ళింది.

"నా ముక్కు చచ్చింది వదినా. నలుగురిలో నవ్వులపాలు కూడా అయ్యాను. ఇంక నీకెందుకు సిగ్గు? పద!"

అధికారుల విచారణలో లెక్చరరమ్మ లెక్క చెప్పింది. గోడ వరసలో సగంమందికి కిరోసిన్ వాసన తెలియలేదు. అవతలి పేటలో తెలియనివాళ్ళు ఒకరిద్దరే.

"వయసు మీద పడితే అంతే కదండీ," అన్నాడు మేనేజరు.

"ఆ పేటవాళ్ళదీ అదే వయసండీ," అంది కోడలు.

ఈసారి మేనేజరు నవ్వలేదు. తమ డాక్టరు ఈ ముక్కులన్నీ చూశాక పొగగొట్టం సంగతి తేలుస్తామని అధికారులు చెప్పారు.

మేనేజరు అత్తగారి వెనకాలే బయటికి వచ్చాడు.

"పెద్దమ్మా, మంచి స్పెషలిస్టున్నాడు. ఖర్చంతా మాదే. రేపే వైద్యం మొదలెట్టిద్దాం."

"వాళ్ళ డాక్టరు చూడకముందేనా నాయనా?" అంది ఆమె. "నాకు నయమైతే నీ మీద సాక్ష్యం ఎవరు చెబుతారు? ఆ మందేదో నీ పొగగొట్టంలో పోసుకో."

దారంతా కోడలు బతిమాలింది.

"ఆ డాక్టరు చూడగానే మనమే ఇంకెక్కడైనా చూపించుకుందాం అత్తయ్యా."

"పొగగొట్టం మూతపడేదాకా చూపించుకోను."

"ఇంట్లో గ్యాస్ లీకైతే మీకెలా తెలుస్తుంది?"

"నీ ముక్కుందిగా. ఇవాళ్టి నుంచి వంటింటి పెత్తనం నీదే," అంది అత్తగారు. "నా ముక్కు కేసులో ఉంది."