తర్లగూడ నాకాలో సుఖాల విచారణ

బస్తర్ రాజ్యంలో నౌకరీ చేసేవాళ్లు సుఖంగా ఉన్నారా లేదా అన్న సందేహం పై కచేరీలో ఎవరికో ఆ ఏడు ఆషాఢంలో కలిగింది. అదే ఎండాకాలంలో కలిగి ఉంటే, ఆ కచేరీ గుమాస్తా సోమారు మున్షీ బతికిపోయేవాడు.

ఇరవై ప్రశ్నలున్న కాగితం పట్టుకుని అతను ఎద్దుబండిలో తర్లగూడ అడవి నాకా చేరేసరికి వాన దంచుతోంది. నాకా అంటే దారికి అడ్డంగా ఒక వెదురు గడ, పక్కన గడ్డి గుడిసె, అందులో ఇద్దరు జవాన్లు. ఉప్పలయ్య తొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్నాడు. హుంగా మరైగూడ వైపు కోయ మనిషి. ఎంత పెద్ద అధికారినైనా ‘నువ్వు’ అంటాడు. తెలుగులో అతనికి వచ్చిన మర్యాద అంతే.

గుడిసెలో పొడిగా ఉన్న ఒకే ఒక్క మూల మున్షీ చతికిలబడ్డాడు.

“ఒకటో ప్రశ్న. కప్పు కురుస్తుందా?”

ఉప్పలయ్య పైకి చూశాడు. మున్షీ కూడా చూశాడు. ఒక చుక్క సరిగ్గా ఆ ప్రశ్న మీదే పడింది.

“ఏమంటం సాబ్, మీరే చూస్తున్రు గదా,” అన్నాడు ఉప్పలయ్య.

“కురవదు,” అని రాశాడు మున్షీ. “కురుస్తుందని రాస్తే మళ్లీ అదో విచారణ. రెండు. బూట్లు ఇచ్చారా?”

“ఇచ్చిన్రు. ఇద్దరికి ఒకటే జత.”

“ఇచ్చారు. మూడు. మరుగుదొడ్డి ఉందా?”

హుంగా చేయి చాచి అడవంతా చూపించాడు.

“ఉంది,” అని రాశాడు మున్షీ. “విశాలంగా ఉంది.”

“అడిగేది నువ్వే, చెప్పేది నువ్వే. ఇగ మేమెందుకు?” అని హుంగా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇరవై జవాబులూ పూర్తయ్యాక మున్షీ లేచాడు. అంతలో బండివాడు తడిసి ముద్దై వచ్చాడు. వాగు పొంగిందట, బండి దాటదట. వాన తగ్గేదాకా కదిలే దారి లేదు.

మర్నాటికి పొడి మూల కూడా కురవడం మొదలుపెట్టింది. ముక్కిన బియ్యం, వెదురు కొమ్ముల కూర మున్షీ కడుపుకు పడలేదు. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో చెంబు పట్టుకుని విశాలమైన మరుగుదొడ్డికి ఏడుసార్లు పరుగెత్తాడు. ఏడోసారి గొడుగు ముళ్లపొదకు చిక్కి చిరిగింది. దాన్ని అక్కడే వదిలి వచ్చాడు.

మూడోనాడు ఉప్పలయ్యకు చలిజ్వరం వచ్చింది. పళ్లు టకటకలాడుతున్నా గడ దగ్గరికి పోబోయాడు.

“వరదలో ఎవడొస్తాడయ్యా? పడుకో,” అన్నాడు మున్షీ.

“రేంజర్ సాబ్ ఒకపారి గిట్లనే పడవ మీద దిగిండు. నేను పండుకుని ఉంటి. ఆరు నెలలు నన్ను ‘దొరగారూ’ అనే పిలిచిండు.”

మున్షీ అతన్ని పట్టి పడుకోబెట్టి తన కంబళి కప్పాడు.

“ఈ జ్వరం ఎన్నాళ్ల నుంచి?”

“ఏటేటా వస్తది. అది మీ కాయితంల లేదా?”

మున్షీ ఇరవై ప్రశ్నలూ మళ్లీ చదివాడు. లేదు. అతనికి సిగ్గేసింది. రాసిన జవాబులన్నీ కొట్టేసి, హుంగాను తట్టి లేపాడు. ఇద్దరూ చెప్పింది చెప్పినట్టే రాశాడు. చివర ఇరవై ఒకటో ప్రశ్న తనే వేశాడు: జ్వరం వస్తే ఎవరు చూస్తారు? హుంగా చూస్తాడు. హుంగాకు వస్తే? ఉప్పలయ్య. ఇద్దరికీ వస్తే? దేవుడు, వాగు దాటగలిగితే.

ఆ ఆఖరి మాట కచేరీలో అగ్గి రాజేసింది. అయినా దసరా దాటాక నాకాకు ఒక డబ్బా క్వినైన్ మాత్రలు వచ్చాయి. తెచ్చింది సోమారు మున్షీ. వెనకే అతని ట్రంకు పెట్టె దిగింది. దేవుణ్ణి సర్కారీ కాగితంలోకి లాగినందుకు అతన్ని ఆ నాకాకే బదిలీ చేశారు.

ఉప్పలయ్య ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు. “అయ్యో సాబ్, మా నోటి దురదకు మీకు శిక్ష పడ్డది.”

“శిక్షా?” మున్షీ బూట్లు విప్పి చాప మీద కాళ్లు చాపాడు. “పన్నెండేళ్లు పెద్ద మున్షీ ఎదురుగా కూచున్నా. నేను తుమ్మినా కారణం అడిగేవాడు. ఇక్కడ అరిచేవాడెవడు?”

“ఎవడూ లేడు,” అన్నాడు హుంగా. “నువ్వు పండుకో.”

ఉప్పలయ్య వాగులో పట్టిన చేపలు కడిగి పులుసు పెట్టాడు. అది ఉడికేలోపే మున్షీ నిద్రపోయాడు. పట్టపగలు, నోరు తెరుచుకుని, గుడిసె అదిరేలా గురకపెట్టాడు. పాపమని వాళ్లు లేపలేదు. అతని వాటా మీద మూకుడు మూతేసి ఉంచి, తాము తినేశారు.