గ్రిల్లు వెనక వదిన

వెల్డరు పెళ్లాం అంటే ఆ సందులో అందరికీ చనువే. షెడ్డు వెనక ఒంటిగదిలో కాపురం. తలుపు తెరిచి ఉంటే చాలు, ఎవరో ఒకరు వచ్చి గడప మీద చతికిలబడేవారు. అందరికంటే ఎక్కువ వచ్చేది ఆడపడుచు. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే మనిషి. పెళ్లీ పెటాకులూ లేవు, నోరు మాత్రం కత్తెర. పని దిగి నేరుగా వచ్చి కాళ్లు బారజాపి కూర్చుందంటే, వదినామరదళ్ల నవ్వులకు వెల్డింగు చప్పుడు కూడా వినపడేది కాదు.

ఇంతలో సందు చివర పెద్ద రోడ్డు పడింది. షెడ్డు జాగా ధరకు రెక్కలొచ్చాయి. అది వెల్డరు తండ్రి జాగా. అన్నకెంతో చెల్లెలికీ అంతే. కొనేవాడొకడు వచ్చాడన్న సంగతి అతను భార్యకు చెప్పాడు గాని, చెల్లెలి చెవిన వేయలేదు. కరెంటు మీటరు మార్పించాలంటూ కాగితాలు తెచ్చి చెల్లెలి ముందు పెట్టాడు. ఆమె వాటిని చదవలేదు, వదిన ముఖంలోకి చూసింది.

"సంతకం పెట్టెయ్ అమ్మాయ్, మీ అన్నయ్యేగా అడుగుతోంది" అంది వదిన, స్టవ్వు దగ్గర నుంచి. ముందురోజు మొగుడు చూపించిన కొత్త ఇంటి వంటగది, దానికున్న రెండు పెద్ద కిటికీలు ఆ క్షణాన ఆమె కళ్ల ముందు ఆడుతున్నాయి. ఆడపడుచు సంతకం పెట్టేసింది, జాగా అమ్ముడుపోయింది.

కొత్త ఇంట్లోకి వచ్చాక వెల్డరుకు కలిమితో పాటు దిగులూ పట్టుకుంది. నలుగురి ఇళ్లకూ గ్రిల్లులు చేసిన చేతులతో తన ఇంట గాలి దూరే ప్రతి సందుకీ ఇనుప ఊచలు బిగించాడు. పాలవాడు నవ్వినా అనుమానమే. బయటికి వెళ్తే భార్యను లోపలే ఉంచి ముందు గ్రిల్లుకు తాళం వేసి మరీ వెళ్లేవాడు. మొదట్లో ఆమె పోట్లాడింది. తరవాత మానేసింది. ఇల్లు కావాలని నోరూరింది తనకూ కదా, ఇక ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

నిజం ఎన్నాళ్లు దాగుతుంది? ఒక మధ్యాహ్నం ఆడపడుచు వచ్చి గ్రిల్లు పట్టుకుని నిలబడింది.

"అన్నయ్య లేడు" అంది వదిన.

"తెలుసు. వాడు వెళ్లేదాకా ఆ మూలన నిలబడ్డా. వాడి సంగతి సరే వదినా, చిన్నప్పుడు నా చేతిలో బెల్లం ముక్క కూడా వాడిదే. నువ్వు చెప్పు. ఆ రోజు తెలిసే పెట్టమన్నావా?"

"నాకేం తెలుసమ్మాయ్? ఆయన నాతో ఏం చెప్తారు గనక?"

ఆడపడుచు తాళం వైపు చూసింది. ఊచల మధ్య నుంచి చేయి పోనిచ్చి వదిన చెంప నిమిరింది.

"పిచ్చిదాన్ని, నిన్ను కూడా అనుమానించా" అంది.

అప్పటి నుంచి ఫ్యాక్టరీకి సెలవు దొరికినప్పుడల్లా వచ్చేది. గ్రిల్లు బయట మెట్టు మీద కూర్చుని పాత సందు కబుర్లన్నీ చెప్పేది. కోర్టుకెళ్తే గెలుస్తావని వకీలు చెప్పాడట. అయినా వద్దనుకుంది. "ముందు నిన్నే సాక్ష్యానికి లాగుతారట. ఆ తరవాత వాడు నిన్ను బతకనిస్తాడా? పోతే పోయిందిలే."

ఆ మాటకు వదిన గుండె ముందు తేలికపడింది. అలా తేలికపడినందుకు ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. నిజం చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచింది. చెబితే ఆ మెట్టు మీదికి మళ్లీ ఎవరొస్తారు?

చెల్లెలు వచ్చిపోతున్న సంగతి వెల్డరు చెవిన పడనే పడింది. ఏం చెప్పావని భార్యను అడిగాడు. నాకేం తెలియదన్నానని ఆమె చెప్పింది. అతను పెళ్లయిన కొత్తలో నవ్వినట్టు నవ్వాడు.

"నువ్వు నా మనిషివే" అంటూ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. మర్నాటి నుంచి తాళం వేయడం మానేశాడు.

తరవాతి సెలవునాడు ఆడపడుచు వీధి మలుపు తిరుగుతూ కిటికీలోంచి కనిపించింది. వదిన గబగబా గ్రిల్లు దగ్గరికి వెళ్లింది. తలుపు తీసి ఎదురెళ్లవచ్చు. ఇద్దరూ కలిసి ఆ పాత సందు దాకా నడిచి వెళ్లవచ్చు. అడ్డుపడేవారెవరూ లేరు.

ఆమె ఊచల సందులోంచి చేయి బయటపెట్టి, తడుముకుంటూ తాళం వేసింది. తాళంచెవిని జాకెట్లో దోపుకుంది.

ఆడపడుచు మెట్టెక్కి, తాళం చూసి నిట్టూర్చింది. "ఇంకా వేసే పోతున్నాడా?"

"ఊఁ" అంది వదిన.