ఊదని బ్యూగిల్

ఆస్టిన్ కల్లినన్ దగ్గాడు. అతను చేసిన నేరం అంతే.

జూలై నెల, అక్కడ నడి చలికాలం. బయట వాన, ఎముకలు కొరికే చలి. గోర్టన్ హిల్ యుద్ధ స్మారక గ్రంథాలయంలో, పేపర్లు చదువుకునే గదిలో, పాతికమంది మగవాళ్ళు పొయ్యి చుట్టూ కూర్చున్నారు. చదివేది తక్కువ, చలి కాచుకునేది ఎక్కువ. ప్రిడో ఇటుకల కంపెనీ బట్టీలు ఆర్పేసి అప్పటికి పది నెలలు. పనిలేనివాణ్ణి ఊరికే కూర్చోనిచ్చే కప్పు ఆ మెల్బోర్న్ శివారులో ఇదొక్కటే. గోడ మీద పెద్ద అక్షరాలతో ‘నిశ్శబ్దం’ అని బోర్డు. ఆ బోర్డు కిందే ఆస్టిన్‌కి దగ్గుతెర వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్సులో విషవాయువు పీల్చిన ఊపిరితిత్తులవి. బోర్డులు చదవవు.

సరిగ్గా అప్పుడే గ్రంథాలయ కమిటీ అధ్యక్షుడు ఆగస్టస్ ప్రిడో లోపలికొచ్చాడు. బట్టీలు ఆర్పింది ఆయనే.

“ఎవడయ్యా అది? ఇది లైబ్రరీ అనుకున్నావా, ధర్మాసుపత్రి అనుకున్నావా?”

ఒక్క నిమిషం అన్నట్టు ఆస్టిన్ చెయ్యెత్తాడు. మాట రాలేదు. మళ్ళీ దగ్గే వచ్చింది.

“కానిస్టేబుల్ని పిలవండి,” అన్నాడు ప్రిడో.

వరండాలో గచ్చు తుడుస్తున్న బ్రైడీ తడిగుడ్డ చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఆమె ఆ గ్రంథాలయంలో పనిమనిషి. ఆస్టిన్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. కానిస్టేబుల్ అతని కాలరు పట్టుకుని ఈడ్చుకుపోయి, బయట రాతి సైనికుడి విగ్రహం కింద మెట్ల మీద పడేశాడు. ఊపిరి అందక ఆస్టిన్ అక్కడే కూర్చుండిపోయాడు. తల్లి వెళ్ళి లేవదీసేసరికి నిలువెల్లా తడిసి ఉన్నాడు.

మూడు వారాలకు పోయాడు. డాక్టరు కాగితం మీద నిమోనియా అని రాశాడు.

“చంపింది నిమోనియా కాదు, ఆ ప్రిడో. ఆ పేరు రాయండి,” అంది బ్రైడీ.

ఈ గ్రంథాలయం చరిత్ర ఇక్కడే చెప్పాలి. దాని గుమ్మం మీద చెక్కి ఉన్నది పచ్చి అబద్ధం గనక చెప్పాలి. ‘శ్రీ ఆగస్టస్ ప్రిడో దానం’ అని పాలరాతి మీద ఉంటుంది. ఆయన దానం చేసినవి మాడిపోయి, వంకరపోయి, ఎవడూ కొనని ఇటుకలు. ఏడాదిన్నర పాటు ప్రతి శనివారం సగంరోజు పని దిగాక, బట్టీ కూలీలు స్నానం కూడా చెయ్యకుండా వచ్చి ఆ గోడలు లేపారు. ఆడవాళ్ళు టీ కాచారు, సున్నం కలిపారు. నిలబడలేని ఆస్టిన్ కూర్చుని ఇసక జల్లించాడు. గచ్చు మాత్రం పట్టుబట్టి తానే పోశాడు, మోకాళ్ళ మీద పాకుతూ, దగ్గుకుంటూ.

లోపల ఇత్తడి పలక మీద యుద్ధంలో చచ్చిపోయిన నలభైమూడు పేర్లు. అందులో పంతొమ్మిది మంది ప్రిడో బట్టీల నుంచి వెళ్ళినవాళ్ళే. వెళ్ళారా, పంపాడా? సైన్యంలోకి మనుషుల్ని బలవంతంగా తోలొచ్చా అని సర్కారు ఓటు పెడితే, దేశం వద్దంది. ప్రిడో గేటు దగ్గర ఆ ఓటు చెల్లలేదు. ‘పెళ్ళికాని మగవాళ్ళు పట్టాళంలో చేరాలి. చేరనివాడికి ఇక్కడ పని లేదు’ అని నోటీసు అంటించాడు. ఆస్టిన్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు. ప్రిడో కొడుకులిద్దరికీ ఆఫీసులో పని దొరికింది.

ఆస్టిన్ పోయిన నెలకు కమిటీ కొత్త నిబంధన తెచ్చింది. సొంత ఇల్లున్న పెద్దమనిషి సంతకం చేసిన ఉత్తరం తెస్తేనే లోపలికి ప్రవేశం. పనిపోయిన వాళ్ళలో సొంత ఇల్లెవడికుంది? సగంమందిని ప్రిడో తన కిరాయి ఇళ్ళలోంచి సామానుతో సహా వీధిలోకి గెంటించాడు. వాళ్ళు పొయ్యి దగ్గర కూర్చుని, తర్వాత ఖాళీ చేయించబోయే ఇల్లెవరిది, దానికి అడ్డం ఎవరు పడుకోవాలి అని మాట్లాడుకుంటున్నారని ఆయనకు తెలిసిపోయింది. అందుకే ఆ తలుపు మూశాడు. గోడ మీద పేర్లుండొచ్చట, గదిలో మనుషులుండకూడదట!

నవంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం బట్టీలకి మట్టి తవ్విన గుంట గట్టున నిరుద్యోగుల సంఘం మీటింగు పెట్టింది. రెండు వందల మంది దాకా వచ్చారు. కార్యదర్శి మెక్రే నిప్పురవ్వ లాంటివాడు, తిరగబడ్డ తొట్టి ఎక్కి అరిచాడు.

“పదకొండో తారీకున, యుద్ధం ఆగిన రోజని, దొర చచ్చినవాళ్ళ గురించి ఉపన్యాసం దంచుతాడు. గవర్నరు తరఫున కల్నల్ వస్తున్నాడు, పేపర్లవాళ్ళొస్తున్నారు. వాళ్ళ కళ్ళముందే ఆ లైబ్రరీ అద్దాలన్నీ పగలగొడదాం!”

“పగలగొట్టు నాయనా,” అంది బ్రైడీ కింద నుంచి. “తాగుబోతులు అమరవీరుల్ని అవమానించారని మర్నాడు పేపర్లో వేస్తారు. పెంకులు ఎత్తేది నేను.”

జనం నవ్వారు. వెనక నుంచి ఒకడు మాత్రం నవ్వలేదు. “కొడుకు ఉసురు పోసుకున్నవాడి గచ్చు ఇంకా తుడుస్తూనే ఉన్నావు. నువ్వా మాకు చెప్పేది?” అన్నాడు.

బ్రైడీ వాడివైపు తిరిగింది.

“తుడుస్తాను. ఆ గచ్చు ప్రిడో అబ్బ సొమ్మా? మా వాడు పోసింది. నాకు పగ లేదనుకున్నావురా? పొద్దున్నే పొయ్యి దగ్గర మా వాడు కూర్చున్న కుర్చీ తుడిచినప్పుడల్లా పగకి సాన పెడుతున్నాను. అద్దాలు పగిలితే నాకేం చల్లబడదు. ఆయన పగలాలి, నలుగురి ముందు.”

అప్పుడు క్లెమ్ హాడ్జ్ గొంతు సవరించుకున్నాడు. బట్టీ బండి తోలేవాడు, యుద్ధంలో బ్యూగిల్, అదే పట్టాళం ఇత్తడి బూర, ఊదినవాడు. ఏటా స్మారకం దగ్గర ఊదేదీ అతనే. నలుగురిలో నోరెత్తని మనిషి.

“పదకొండింటికి నేను మొదటి పాట ఊదుతాను. అందరూ టోపీలు తీస్తారు. రెండు నిమిషాలు మౌనం. రెండో పాట ఊదుతాను. మౌనం అయిపోతుంది, దొర ఉపన్యాసం మొదలు.” టోపీ చేతిలో తిప్పుకున్నాడు. “రెండోది ఊదకపోతే?”

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైన వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

“ఊరికే నిలబడటమా? అదీ ఒక పోరాటమేనా?” అన్నాడు మెక్రే.

“ఇన్నేళ్ళూ నోరు మూసుకోమన్నాడు, మూసుకుందాం,” అంది బ్రైడీ. “ఎంతసేపు భరిస్తాడో చూద్దాం.”

“బ్యూగిల్ లాక్కుని ఇంకోడి చేత ఊదిస్తే?” అని గుంపులోంచి ఎవరో అడిగారు.

“ఊదడం వచ్చిన మిగతావాళ్ళంతా ఆ ఇత్తడి పలక మీదున్నారు,” అన్నాడు క్లెమ్.

చేతులెత్తమంటే అన్ని చేతులూ లేచాయి. మెక్రే చెయ్యి ఆఖర్న లేచింది.

పదకొండో తారీకున ఎండ మాడు పగలగొడుతోంది. మెట్ల మీద ప్రిడో, పొడుగు టోపీ, జేబులో ఉపన్యాసం. పక్కన కల్నల్. ముందు మూడు వరసల కుర్చీల్లో పెద్దమనుషులు. అడ్డంగా కట్టిన తాడుకి ఇవతల తొమ్మిది వందల మంది జనం. గుంట గట్టు మాట ఇంటింటికీ పాకింది. ఎప్పుడూ అంతమంది రాలేదు. అది చూసి ప్రిడో పొంగిపోయాడు, పాపం.

క్లెమ్ మొదటి పాట ఊదాడు. టోపీలు దిగాయి. రోడ్డు మీద ట్రాము ఆగింది, డ్రైవరు దిగి నెత్తి మీది టోపీ తీశాడు. కల్నల్ సెల్యూట్ చేశాడు. కానిస్టేబుళ్ళూ చేశారు.

రెండు నిమిషాలు గడిచాయి. క్లెమ్ బ్యూగిల్ చంకలో పెట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు.

నాలుగు నిమిషాలు. కుర్చీల్లో ఒకావిడ వాచీ చూసుకుంది. కల్నల్ చెయ్యి ఇంకా సెల్యూట్‌లోనే ఉంది. బ్యూగిల్ మోగందే దించకూడదు, అది వాళ్ళ నియమం. ప్రిడో గుసగుసగా, “హాడ్జ్,” అన్నాడు. కదలిక లేదు. “హాడ్జ్!”

ఏడు నిమిషాలు. జనంలో ఒక్క కాలు కదల్లేదు. తొమ్మిది వందల జతల కళ్ళు ప్రిడో మీదే ఉన్నాయి. బ్రైడీ ఆయన మెడ మీది చెమటను చూస్తోంది. కాలరు తడిసింది. తన కొడుకు కాలరు కూడా ఇలాగే తడిసిందని గుర్తొచ్చి ఆమెకు కడుపులో తియ్యగా ఉంది. అవును, తియ్యగానే ఉంది. ఆమె దాచుకోలేదు, మనమెందుకు దాచాలి?

పదో నిమిషంలో ప్రిడో పగిలాడు.

“ఊదరా, దొంగ వెధవా! నా సొమ్ము తిని బతికిన కుక్కా! ఊదు!”

ఆ గొంతు ట్రాముదాకా వినబడింది. కుర్చీల్లో, కొడుకును పోగొట్టుకున్న ఒక ముసలాయన లేచి ప్రిడో వైపు అసహ్యంగా చూశాడు. పేపర్లవాళ్ళు పెన్సిళ్ళు తీశారు. అమరుల మౌనంలో బూతులు కూసినవాడు ఎవడో ఇక ఎవరికీ చెప్పనక్కర్లేదు.

బ్రైడీ తాడు దాటి ముందుకొచ్చింది. దగ్గింది.

అది ఆమె దగ్గు కాదు. పదమూడేళ్ళు పక్కగదిలోంచి విన్న దగ్గు. లోపల ఎక్కడో మొదలై, గొంతులో చిక్కుకుని, చివర ఈల వేసే ఆస్టిన్ దగ్గు. పొయ్యి దగ్గర కూర్చున్న పాతికమందీ గుర్తుపట్టారు. వాళ్ళూ దగ్గారు. తర్వాత మెక్రే, ఆడవాళ్ళు, ట్రాము డ్రైవరు. ప్రిడో కాగితం తీసి ఏదో చదవబోయాడు. పెదాలు కదిలాయి, మాట ఒక్కటీ వినబడలేదు. దగ్గుతూనే జనం మెట్లెక్కారు. ఆయన పక్కకి తప్పుకున్నాడు. గుమ్మం మీది పాలరాతి కింద నుంచి, ఉత్తరాలూ సంతకాలూ లేకుండా, లోపలికి నడిచారు.

బ్రైడీని, క్లెమ్‌ని పోలీసులు పట్టుకుని బండెక్కించారు. “ఏ కేసు పెడతారు? ఊదలేదనా?” అని క్లెమ్ అడిగితే కానిస్టేబుల్ బండి తలుపు వేసేశాడు.

బండి కదిలింది. లైబ్రరీ కిటికీలోంచి ఎవరో విసిరిన ‘నిశ్శబ్దం’ బోర్డు మెట్ల మీదికొచ్చి పడింది. ప్రిడో దాని పక్కనే ఉపన్యాసం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“క్లెమ్, రెండో పాట ఊదలేదుగా?”

“లేదు బ్రైడీ.”

“అయితే మౌనం ఇంకా అవలేదు. ఆయన బతికున్నంతకాలం ఊదకు.”

ఇక ఎవరూ ఊదకుండా, క్లెమ్ బ్యూగిల్‌కి నోరు ఆనించే ముక్క పీకి మేజోడులో దోపుకున్నాడు. వెనక లైబ్రరీలో జనం ఇంకా దగ్గుతూనే ఉన్నారు.