ఎర్రదారం గ్లాసు

సంచిలో ముందు చీరలు పెట్టాను. నాలుగు మంచివి, రెండు ఇంట్లో కట్టుకునేవి. వాటి మీద తువ్వాలు, దువ్వెన, నెల రోజుల మాత్రలు. మాత్రలు అడుగున ఉంటే నలుగుతాయని తీసి పైన పెట్టాను. పైన ఉంటే బస్సులో ఎవరి కంటైనా పడతాయని మళ్ళీ తీసి చీరల మధ్య దూర్చాను. చివరికి కోడలి కంచం, గ్లాసు పాత కాగితంలో చుట్టి ఓ పక్కన ఇరికించాను. పుస్తకాలు కుట్టే ఎర్రదారం ఆ గ్లాసుకి కట్టి అప్పటికి పది రోజులు. వేరేవాళ్ళు పొరపాటున అందులో తాగకుండా నేనే కట్టాను.

కోడలు గోడకి ఆనుకుని కూర్చుని నన్నే చూస్తోంది.

"గ్లాసు కూడా ఎందుకత్తయ్యా? మా అమ్మ దోసిట్లో తాగుతోంది అనుకున్నారా?"

"నీ గ్లాసు నీ దగ్గరుంటే మంచిది కదమ్మా."

"అదీ నిజమేలెండి. ఇక్కడే వదిలేస్తే దాన్నేం చెయ్యాలో తోచక మీరు నిద్ర మానేస్తారు."

నా కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. చేతులకి జిగురు ఎండి తెల్లగా పొలుసులు కట్టింది. భార్య ముఖం చూడకుండా ద్వారబంధంతో మాట్లాడినట్టు అన్నాడు. "కొన్నాళ్ళేగా. మందు పడగానే తగ్గిపోతుందట. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, అదొక్కటే నా భయం."

"నన్ను పంపిస్తున్నారా, నేనే వెళ్తున్నానా? రేపు పాప అడిగితే ముగ్గురం ఒకటే మాట చెప్పాలి కదా."

"ఆరోగ్యం కోసం వెళ్తున్నావని చెబుదాంలే," అన్నాను నేను.

"ఎవరి ఆరోగ్యం కోసం?" అని కోడలు లేచింది.

మనవరాలు ముందు గదిలో చిత్తుకాగితాలు మడుస్తూ ఆడుకుంటోంది. దానికప్పుడు నాలుగేళ్ళు. కోడలు దాని మీదికి వంగబోతే, "ముద్దు పెట్టుకోకమ్మా," అన్నాను. కోడలు వంగినది వంగినట్టే ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దూరం నుంచే చెయ్యి ఊపి మెట్లు దిగింది. అది ఫిబ్రవరి నెల. క్షయ అని తేలి, మాత్రలు మొదలుపెట్టిన పదో రోజు.

మాది బైండింగు పని. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. అచ్చు వేసిన పెద్ద కాగితాలు కట్టలుగా వస్తాయి. వాటిని మడిస్తే ఒక్కొక్కటీ ఒక ఫారం. ఫారాలను వరసగా పేర్చి, కుట్టి, అట్ట వేస్తాం. పేర్చిన వరస మీదికి గాలి వచ్చిందంటే ఒక పుస్తకం పేజీలు ఇంకో పుస్తకంలోకి పోతాయి. అందుకని మా ఇంట్లో కిటికీలు తెరవం. ఫ్యాను వెయ్యం. గాలొస్తే కూడు పోతుంది అనేవారు మా ఆయన. ఆయన పోయి పన్నెండేళ్ళయినా ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉంది. కిటికీ రెక్కలు రంగు కింద అతుక్కుపోయి గోడలో భాగమైపోయాయి.

నేను బడి ముఖం చూడలేదు. పేజీ అంకెలు పోల్చుకోవడం దగ్గర మొదలుపెట్టి, ఆ ఫారాల మీదే అక్షరాలు కూడబలుక్కున్నాను. ఒక ఫారం చదవడం పూర్తయ్యేసరికి దాని తర్వాతది ఎవరో కుట్టేసి ఉండేవారు. అందుకే నేను చదివిన కథల్లో సగానికి సగం మంది ఇల్లు విడిచి బయల్దేరడమే తెలుసు నాకు, చేరారో లేదో తెలియదు.

మా అక్క సంగతి తెలుసు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అక్కకి ఇదే జబ్బు. ఇద్దరం ఒకే చాప మీద, ఒకే దుప్పట్లో పడుకునేవాళ్ళం. దాని దగ్గు నా వీపుకి తగిలేది. ఒకరోజు నాన్న దాని కంచం, దాని చెంబు ఒక మూటలో కట్టి, దూరాన ఉన్న పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. తిరిగి వచ్చింది నాన్న ఒక్కడే, చెంబు కూడా లేకుండా. కాబట్టి కోడలి చీటీలో ఆ జబ్బు పేరు చదవగానే నాకు తెలిసిన వైద్యం ఒక్కటే తోచింది. మూట కట్టడం.

కోడలు వెళ్ళాక నాకు కాలు నిలవలేదు. చెంచాలు మరగబెట్టేదాన్ని. ఆరాక చెయ్యి తగిలిందేమోనని మళ్ళీ మరగబెట్టేదాన్ని. ఆమె కూర్చునే చోటు రోజుకు మూడుసార్లు తుడిచేదాన్ని. ఫారాలు పేరుస్తూ పేరుస్తూ లేచి గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకు వెళ్ళానో తెలియక తిరిగొచ్చేదాన్ని. "అమ్మా, కాలు గాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి, ఒకచోట కూర్చో," అని కొడుకు విసుక్కునేవాడు. కూర్చుంటే దగ్గొచ్చేది. కాగితం దుమ్ము మరి, ముప్పై ఏళ్ళుగా పీలుస్తున్నాను.

పాపని నా పక్కన పడుకోబెట్టుకునేదాన్ని. తల్లి మీద బెంగ పడకుండా కథలు చెప్పేదాన్ని. నిద్రలో ఒళ్ళు తడిమి వేడిగా ఉందేమో చూసేదాన్ని.

కోడలు రోజూ ఫోన్ చేసేది. "ఏం తింది? ఏం అడిగింది?" అంతే. చివరికి ఒకే ప్రశ్న. "ఎప్పుడు రమ్మంటారు?" డాక్టర్ని అడిగి చెబుతాననేవాడు కొడుకు. వాడు అడగలేదు. నేనూ అడగమనలేదు.

ఆమె వెళ్ళిన రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు వచ్చింది. కఫం పరీక్షకి డబ్బాలు ఇచ్చి వెళ్తుంటుంది కనక మా వీధిలో ఆమెని డబ్బాల సిస్టర్ అంటారు.

"పేషెంటేది?" అంది చెప్పులు విప్పుతూ.

"పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో పాప ఉంది కదమ్మా," అన్నాను.

ఆమె వెనక గదిలోకి తొంగిచూసి, పొయ్యి మీద గిన్నె మూత తీసింది. "ఇదేంటి మామ్మగారూ, చెంచాల చారా?"

"జబ్బు అంటుతుందని మరగబెడుతున్నాను."

"చెంచాల వల్ల రాదు. కంచం, గ్లాసు, బట్టలు, వీటి వల్ల రాదు. చెయ్యి పట్టుకున్నా రాదు. ఊపిరితిత్తుల్లో జబ్బున్న మనిషి దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు ఆ క్రిమి గాల్లోకి వస్తుంది. తలుపులూ కిటికీలూ మూసేస్తే అక్కడక్కడే తిరుగుతుంది. ఆ గదిలోనే ఉండేవాళ్ళు గంటల తరబడి పీలుస్తారు." అంటూనే ఆమె కళ్ళు కిటికీల మీదికి పోయాయి. "ఇవి తెరుచుకుంటాయా, గోడ మీద బొమ్మలా?"

"తెరిస్తే ఫారాలు ఎగిరిపోతాయి సిస్టర్," అన్నాడు కొడుకు.

"బరువు పెట్టుకోవయ్యా. ఇంత షాపులో నాలుగు ఇనప ముక్కలు లేవా?"

వాడు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. ఇనప ముక్కలు బల్ల కింద గుట్టగా ఉన్నాయి, అట్టలు అతికినప్పుడు పైన పెట్టేవి. ఇన్నేళ్ళలో వాటిని ఫారాల మీద పెట్టి కిటికీ తెరవొచ్చని ఒక్కరికీ తోచలేదు.

"మాత్రలు మొదలుపెట్టి ఎన్నాళ్ళు?"

"ఇరవై రెండు రోజులు."

"సరిగ్గా వేసుకుంటుంటే మామూలుగా రెండు మూడు వారాల్లో ఇంకొకరికి అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఆ నాలుగు రోజులూ మాస్కు పెట్టుకుని, గాలి తగిలేచోట వేరుగా పడుకుంటే సరిపోయేది. పంపక్కర్లేదు. మనిషి తేలికపడ్డాక మాత్రలు మానేస్తారు చూడండి, ప్రమాదం అక్కడ. ఇల్లు అలకగానే పండగ కాదు. ఆర్నెల్లూ వెయ్యాలి. మధ్యలో మానితే క్రిమి మొండిదైపోయి ఆ మందులకే లొంగదు."

నాకు వేరే భయం పట్టుకుంది. "ఇది వంశంలో ఉంటుందామ్మా? మా అక్కకి ఉండేది."

"రక్తంలో రాదు మామ్మగారూ. ఒకే గదిలో, ఒకే చాప మీద వస్తుంది." సంచిలోంచి పుస్తకం తీసి, "ఇంట్లో ఇంకెవరైనా దగ్గుతున్నారా?" అంది.

"ఎవరూ లేరు," అన్నాను.

"నాయనమ్మ దగ్గుతుంది," అంది పాప తల ఎత్తకుండా. "కథ మధ్యలో ఆపేసి దగ్గుతుంది. నేను మర్చిపోతాను కథ."

చిన్నపిల్లల నోట్లో నువ్వుగింజ నానదు. "అది కాగితం దుమ్మమ్మా, ముప్పై ఏళ్ళ నుంచీ ఉన్నదే," అన్నాను.

"ఇంతగానే ఉందా, ముప్పై ఏళ్ళ నుంచీ?"

కొడుకు మెల్లగా అన్నాడు. "నవంబరు నుంచి ఎక్కువైందమ్మా. నీ జాకెట్లు కూడా వదులైపోయాయి."

వదులయ్యాయని నాకు తెలుసు. నేనే సూది పట్టుకుని రెండు పక్కలా లోపలికి కుట్టుకున్నాను, ఎవరూ గమనించకుండా. కోడలికి దగ్గు వచ్చింది జనవరిలో. అదీ తెలుసు.

సిస్టర్ నా చేతిలో ఒక డబ్బా పెట్టింది. "పొద్దున లేవగానే, ఆరుబయట నిలబడి, లోపల్నుంచి దగ్గి తియ్యండి. ఉమ్మి పెట్టుకొస్తే ఒప్పుకోను."

మూడో రోజుకి తేలింది. నాకూ ఉంది. పాపకీ కొడుక్కీ పరీక్షలు చేశారు. జబ్బు లేదు, కానీ పాప చిన్నది కనక, రాకుండా ఉండడానికి దానికీ కొన్ని నెలలు మాత్రలు వెయ్యాలన్నారు. ఆ మాట విన్నప్పుడు కేంద్రంలో బల్ల మీద కూర్చున్నదాన్ని లేచి వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. సిస్టర్ వెనకే వచ్చింది.

"నా నుంచే కోడలికి పట్టిందా?" అన్నాను.

"చెప్పలేం మామ్మగారూ. మీ నుంచి ఆవిడకి కావచ్చు, ఇద్దరికీ ఇంకెక్కణ్ణుంచో కావచ్చు. మీకైతే చిన్నప్పుడే పట్టి ఉండొచ్చు కూడా. కొందరిలో ఇది ఏళ్ళ తరబడి కదలకుండా పడుకుంటుంది. ఒంట్లో శక్తి తగ్గాక లేస్తుంది."

అరవై ఏళ్ళు. అక్క దగ్గు వీపుకి తగిలిన చోట చెయ్యి పెట్టి చూసుకోవాలనిపించింది. చెయ్యి అందలేదు.

ఆ సాయంత్రం కొడుకు ఫోన్ చేసి కోడలికి చెప్పాడు. మర్నాడు పొద్దున మొదటి బస్సుకే వచ్చింది. చెక్కపని మనిషి వచ్చి అంతకు ముందురోజే కిటికీలు కోసి తెరిచాడు. నేను మాస్కు పెట్టుకుని కిటికీ పక్కన ఉన్నాను. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది.

"దాన్ని ఎక్కడ పడుకోబెట్టారు?"

"నా పక్కన."

"నేను వెళ్ళిన రోజు నుంచీనా?"

"ఊఁ."

"నన్ను ముద్దు పెట్టుకోనివ్వలేదు మీరు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేను ఏడ్చి ఉండేదాన్ని.

"తెలియక చేశానమ్మా."

"తెలియక కాదత్తయ్యా. గురివింద గింజ సంగతి పాపకి మీరే చెప్పేవారుగా. మీ దగ్గు మీకు తెలుసు. నాకు తెలుసు, మీ అబ్బాయికి తెలుసు. అత్తగారి దగ్గు దుమ్ము, కోడలి దగ్గు జబ్బు."

కొడుకు అడ్డం వచ్చాడు. "జరిగిందేదో జరిగింది. అమ్మకి మాత్రలు మొదలుపెట్టారు. చూడు, కిటికీలు తెరిపించాను. ఇక్కడే ఉండిపో."

"బాగుంది. నాకప్పుడు ఎందుకు చెప్పలేదు, కిటికీ తెరిపిస్తాను, ఉండు అని?"

నేను లేచాను. "నేను వెళ్తానమ్మా ఎక్కడికైనా. నా సంచి నేనే సర్దుకుంటాను. నువ్వు నీ ఇంట్లో ఉండు."

"ఎక్కడికి వెళ్తారు, ఎవరున్నారు మీకు? కూర్చోండి. ఈ జబ్బుకి ఎవరూ ఇల్లు వదలక్కర్లేదని ఇప్పుడు అందరికీ తెలిసిందిగా." అని లోపలికి వచ్చి పాప గౌనులు, మాత్రల సీసా, చెప్పులు ఒక గుడ్డ సంచిలో వేసుకుంది. నేను సాయం పట్టలేదు. పాప తల్లి మెడ పట్టుకుని వదల్లేదు.

గుమ్మం దాటుతూ ఆగింది. "ఒంటేలు ఎర్రగా వస్తుంది. భయపడకండి, అది మందు రంగు. రెండో నెలకి ఒళ్ళు తేలికపడుతుంది. అప్పుడు మానెయ్యాలనిపిస్తుంది. మానకండి."

"మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?"

"మాత్రలు అయ్యాక చూద్దాం."

ఆర్నెల్లూ ఆ మాట పట్టుకునే తిరిగాను. ఒక్కపూట మానకుండా వేసుకున్నాను. నోరు చేదైనా, కడుపులో తిప్పినా వేసుకున్నాను. ఫారాల మీద ఇనప ముక్కలు పెట్టి పగలంతా కిటికీలు బార్లా తెరిచేదాన్ని. వీధిలో బస్సు ఆగితే చాలు, చేతిలో ఫారం వదిలేసి లేచేదాన్ని. ఫోన్లో ఏదో ఒకటి అడిగేదాన్ని, కీళ్ళ నొప్పులు ఉంటాయా, పాలు తాగొచ్చా అని. కోడలు దేనికైనా ఓపిగ్గా జవాబు చెప్పేది. వేరే మాట అడిగితే పాప పిలుస్తోందని పెట్టేసేది.

ఆమె కోర్సు ఆగస్టు మొదట్లో అయిపోయింది. నాది ఆ నెలాఖరుకి. ఇద్దరికీ పూర్తిగా నయమైందని చీటీ ఇచ్చారు. ఆ చీటీ నాలుగుసార్లు చదివి, ఫోన్ చేసి, "మాత్రలు అయిపోయాయి కదమ్మా," అన్నాను.

"అయిపోయాయత్తయ్యా. అమ్మతోపాటు యూనిఫాంలు కుట్టే చోట చేరాను. పాపని ఇక్కడే బడిలో వేశాం. మీరు జాగ్రత్త," అంది.

కొడుకు ఆదివారాలు వెళ్ళి చూసి వస్తుంటాడు. పాప పొడుగైందని చెబుతాడు. కోడలు, పాప ఇంట్లోంచి వెళ్ళింది మార్చి రెండో తారీఖున, పొద్దున తొమ్మిదిన్నర బస్సుకి. మొన్న మార్చికి నాలుగేళ్ళు. ఇద్దరూ తిరిగి రాలేదు.